అనుమతి వేరు, హక్కు వేరు

ఈ టపా రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. ఇది మా ఇంటి సంగతి, పైగా ఆడవాళ్ల సంగతి. ముప్పై కూడా నిండని మగవాణ్ణి, కీబోర్డు తప్ప ఇంకేం తెలీనివాణ్ణి, దీని గురించి నేనేం మాట్లాడతాను అన్న బెరుకు. చివరికి అక్కే "రాయరా, నా పేరు మాత్రం పెట్టకు" అంది. అందుకే రాస్తున్నాను.

మొన్నామధ్య డాలస్ నుంచి నా క్లాస్‌మేట్ ఫోన్ చేశాడు. బాపట్లలో ఇంజనీరింగ్ నాలుగేళ్లూ ఒకే రూమ్‌లో ఉన్నాం. వాళ్లావిడకి ఇప్పుడు మూడో నెల. సంతోషంగా మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో గొంతు తగ్గించి, "రేపేదన్నా తేడా వస్తే ఈ టెక్సాస్‌లో డాక్టర్లు చెయ్యి వెయ్యడానికే జంకుతున్నార్రా. ఈ విషయంలో మన దేశమే నయం, మనకి 1971 నుంచీ చట్టముంది" అన్నాడు.

వాడి భయం నిజమే. ఆ రాష్ట్రంలో తల్లి ప్రాణం మీదికి వస్తే తప్ప అబార్షన్ దాదాపు పూర్తిగా నిషేధం, చేసిన డాక్టరుకి యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. మన చట్టం గురించి వాడు చెప్పింది కూడా ఒకప్పుడు నేను చెప్పిందే. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు 'రో వర్సెస్ వేడ్' తీర్పుని కొట్టేసినప్పుడు, "చూశారా, వాళ్లకంటే రెండేళ్ల ముందే మనవాళ్లు చట్టం చేశారు" అని ఆఫీసు క్యాంటీన్‌లో కాలరెగరేసిన వాళ్లలో నేనొకణ్ణి.

ఆ ఏడాది చివర్లోనే అక్క విషయం జరిగింది.

అక్క అంటే మా పెద్దమ్మ కూతురు. అత్తగారిది రేపల్లె పక్కన పల్లెటూరు. మావైపు ఏ పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా తెనాలే కదా, రేపల్లె రైలెక్కి తెనాలిలో దిగడం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. అక్క కూడా తెనాలిలోనే చూపించుకునేది. ఐదో నెలలో తీయించాల్సిన టిఫా స్కాన్, ఇంట్లో పెళ్లి హడావుడి వల్ల ఆలస్యమై 23వ వారంలో తీశారు. బిడ్డ మెదడులో, వెన్నులో తేడా ఉందన్నారు. "కంగారుపడకమ్మా, రెండు వారాలాగి మళ్లీ చూద్దాం" అని పంపించేశారు.

ఆ రెండు వారాలే కొంప ముంచాయి. రెండో స్కాన్‌లో తేడా ఖాయమైంది. పుట్టినా బతకడం కష్టమన్నారు, బతికితే మంచానికే అన్నారు. అక్కా బావా రాత్రంతా కూర్చుని ఏడ్చి, ఒక నిర్ణయానికి వచ్చి పొద్దున్నే ఆస్పత్రికి వెళ్తే, "24 వారాలు దాటింది, ఇప్పుడు నా చేతుల్లో లేదు, మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి" అంది డాక్టరు. ఆవిడ చెడ్డ మనిషేం కాదు. "రేపెవరన్నా కేసు పెడితే జైలుకెళ్లేది నేనమ్మా" అని అక్క చెయ్యి పట్టుకుని చెప్పిందట.

ఆ బోర్డు ఎక్కడుంటుందో చెప్పేవాళ్లు లేరు. ఒకచోట "అలాంటివి ఇక్కడ చూడం" అన్నారు. ఇంకోచోట, "మీది ఇప్పుడు బాపట్ల జిల్లా కదా, ఇక్కడికెందుకొచ్చారు?" అన్నారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చినప్పుడు రేపల్లె బాపట్లలోకి వెళ్లింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అంటే అక్క డాక్టరు ఒక జిల్లా, అక్క ఆధార్ కార్డు ఇంకో జిల్లా. ఇంకోచోట బావ సంతకం లేకపోతే కాగితమే తీసుకోమన్నారు. బావ అప్పుడు పనిమీద చెన్నైలో ఉన్నాడు, రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చాడు.

మొత్తం పదకొండు రోజులు. చివరికి అనుమతొచ్చింది, పనీ అయింది. అన్ని రోజులూ కడుపులో బిడ్డ కదులుతూనే ఉంది. తర్వాతెప్పుడో నెమ్మదిగా ఉన్నప్పుడు అక్క ఒక మాటంది. "అంతమంది దగ్గరికి తిరిగాం కదరా. ఎన్ని వారాలు, ఏ జిల్లా, మొగుడేడీ అని అందరూ అడిగారు. నువ్వేమనుకుంటున్నావమ్మా అని ఒక్కళ్లూ అడగలేదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. 1971 నుంచీ చట్టం ఉన్న దేశంలో ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకుందామని చట్టం దించుకుని చదివాను. నాకు లా తెలీదు కానీ స్పెసిఫికేషన్ డాక్యుమెంట్లు చదివే ఉద్యోగం కదా, ఆ మాత్రం అర్థమవుతుందిలే అనుకున్నా. అర్థమైంది కూడా, అదే బాధ.

మన సిస్టమ్‌లో డిఫాల్ట్ ఏమిటో తెలుసా? అబార్షన్ నేరం. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్, 312వ సెక్షన్. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప గర్భస్రావం చేయించినవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, బిడ్డ కదలిక తెలిసే దశ దాటితే ఏడేళ్ల దాకా. కింద ఒక వివరణ కూడా ఉంది: తనంతట తాను చేసుకున్న స్త్రీ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. అంటే అక్క కూడా.

ఆ నేరానికి 1971లో ఒక ఎక్సెప్షన్ రాశారు. అదే మనం గొప్పగా చెప్పుకునే మెడికల్ టెర్మినేషన్ ఆఫ్ ప్రెగ్నెన్సీ చట్టం, ఎంటీపీ అంటారు. దాంట్లో అసలైన మూడో సెక్షన్ ఎవరితో మొదలవుతుందో చూడండి. పీనల్ కోడ్‌లో ఏమున్నా సరే, ఈ షరతుల ప్రకారం గర్భం తీసేసిన రిజిస్టర్డ్ డాక్టరు నేరస్థుడు కాడు. ఇదీ దాని సారాంశం. ఆ వాక్యంలో కర్త డాక్టరు. స్త్రీ అడిగితే చెయ్యాలి అన్న మాట చట్టం మొత్తంలో ఎక్కడా లేదు. ఆమె అంగీకారం కావాలని ఉంది, నిజమే. కానీ అది డాక్టరు సరేనన్న తర్వాత పెట్టే సంతకం. మొదటి మాట డాక్టరుది, ఆఖరి సంతకం ఆమెది.

అందుకే ఆ డాక్టరు భయపడింది. ఎక్సెప్షన్ లిస్టులో సరిగ్గా ఇమిడామా లేదా అన్న అనుమానం ఏ కాస్త ఉన్నా వెనక్కి తగ్గడం ఆవిడకి క్షేమం. ముందుకెళ్తే రిస్కు ఆవిడది, ఆగితే రిస్కు అక్కది. మనమైనా ఏం చేస్తాం చెప్పండి? ప్రొడక్షన్‌లో మార్పు చేస్తే మన ఉద్యోగం, చెయ్యకపోతే ఎవరో కస్టమర్ కష్టం అన్నప్పుడు మనలో ఎంతమంది బటన్ నొక్కుతాం?

మరి చట్టాన్ని ఇలా ఎందుకు రాశారు? ఈ కథలో మన తెలుగాయన ఒకరున్నారని నాకూ ఈమధ్యే తెలిసింది. రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త శ్రీపతి చంద్రశేఖర్. 1967 నుంచి 1970 దాకా ఇందిరా గాంధీ ప్రభుత్వంలో ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ చూసిన మంత్రి. అంతకుముందే, 1964లో శాంతిలాల్ షా అధ్యక్షతన వేసిన కమిటీ, దొంగచాటు అబార్షన్లతో ఆడవాళ్లు చచ్చిపోతున్నారు, చట్టం సడలించండి అని 1966లో నివేదిక ఇచ్చింది. చంద్రశేఖర్ హయాంలో, 1969లో బిల్లు రాజ్యసభకి వచ్చింది. 1971లో చట్టమైంది, 1972 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చింది.

కాగితం మీద కారణాలు ఆరోగ్యం, మానవత్వం, లోపాలతో పుట్టే బిడ్డలు. కానీ ఆ రోజుల్లో ఎటు చూసినా జనాభా గోలే కదా, ఎర్ర త్రికోణం బొమ్మలూ, 'ఇద్దరు చాలు' నినాదాలూను. ఆ వాసన చట్టంలోనూ తగులుతుంది. గర్భనిరోధక సాధనం పనిచెయ్యక వచ్చిన గర్భాన్ని తీసెయ్యొచ్చన్నారు కానీ, అది పెళ్లైన స్త్రీకి మాత్రమే, అదీ పిల్లల సంఖ్యని పరిమితం చేసుకోడానికి వాడిన సాధనమైతేనే! పెళ్లికాని అమ్మాయి ఆ వాక్యంలో లేనే లేదు.

ఆ తరం వాళ్లని తిట్టడం నా ఉద్దేశం కాదు. ఆ చట్టం లక్షలమంది ప్రాణాలు కాపాడి ఉంటుంది. నా పాయింటు వేరే. అమెరికాలో ఈ హక్కు కోసం యాభై ఏళ్లు వీధుల్లో కొట్టుకున్నారు. మనకి కొట్లాట లేకుండా వచ్చింది కాబట్టి, పార్లమెంటులో ఎవరూ లేచి "ఇది స్త్రీ హక్కు" అనాల్సిన అవసరమే రాలేదు. ఆ ఒక్క మాట చట్టంలోకి ఎక్కకుండానే అర్ధశతాబ్దం గడిచిపోయింది.

ఎక్కించడానికి అవకాశాలు రాలేదా అంటే, వచ్చాయి. ఎలా జారిపోయాయో చూడండి.

2008లో ముంబైకి చెందిన నికేతా మెహతా, గర్భంలోని బిడ్డకి గుండె జబ్బుందని తెలిసి హైకోర్టుకెళ్లింది. అప్పటి పరిమితి 20 వారాలు. కోర్టు కుదరదంది. దేశమంతా చర్చ జరిగింది. 2014లో కేంద్ర ఆరోగ్యశాఖ ఒక ముసాయిదా బయటపెట్టింది. అందులో అసలైన మార్పు ఉంది: 12 వారాల దాకా డాక్టరు అభిప్రాయంతో పనిలేదు, స్త్రీ కోరితే చాలు. నర్సులు, ఆయుష్ వైద్యులు కూడా శిక్షణ తీసుకుని చెయ్యొచ్చని కూడా ప్రతిపాదించారు. డాక్టర్ల సంఘం ఐఎంఏ ఒప్పుకోలేదు. 'స్త్రీ కోరితే చాలు' అన్నది కూడా ఆ ముసాయిదాతోపాటే మూలపడింది, పార్లమెంటు గడప తొక్కనే లేదు.

2018 డిసెంబర్‌లో శశి థరూర్ లోక్‌సభలో స్త్రీల పునరుత్పత్తి హక్కుల మీద ఒక ప్రైవేటు బిల్లు పెట్టారు. మన పార్లమెంటులో 1970 తర్వాత ఒక్క ప్రైవేటు మెంబరు బిల్లూ చట్టం కాలేదు. ఆ సభ గడువు తీరడంతో ఇదీ పోయింది.

2020 మార్చిలో ప్రభుత్వం తన బిల్లు తెచ్చింది. లోక్‌సభలో ఆ నెల 17నే అయిపోయింది. రాజ్యసభలో ఏడాది తర్వాత, 2021 మార్చి 16న మూజువాణి ఓటుతో అయిపోయింది. సెలెక్ట్ కమిటీకి పంపండి అని ప్రతిపక్ష సభ్యులు అడిగితే వీగిపోయింది. మంచి మార్పులున్నాయి, కాదనను. 20 వారాల దాకా ఒక్క డాక్టరు చాలన్నారు. కొన్ని వర్గాల వాళ్లకి 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లతో సరిపెట్టారు. 'పెళ్లైన స్త్రీ, ఆమె భర్త' అన్నచోట 'ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి' అని మార్చారు. కానీ 24 వారాలు దాటితే, అదీ బిడ్డకి తీవ్రమైన లోపం ఉంటేనే, మెడికల్ బోర్డు అన్నారు. ప్రతి రాష్ట్రం బోర్డులు వెయ్యాలి. వాటిల్లో గైనకాలజిస్టు, పిల్లల డాక్టరు, రేడియాలజిస్టు ఉండాలి. స్పెషలిస్టులు జిల్లా కేంద్రాల్లోనే చాలని మన రాష్ట్రాల్లో ఆ బోర్డు రేపల్లె మనిషికి ఎంత దూరమో చట్టం రాసినవాళ్లు లెక్కేసినట్టు లేదు. 2008లో మొదలైన చర్చ పదమూడేళ్లు నడిచి మనకి దక్కింది నాలుగు వారాలు, ఒక కొత్త కౌంటరు.

ఇక అసలు చోద్యం 2023లో జరిగింది. బ్రిటిష్ వాళ్ల చట్టాలు తీసేసి మనవి మనం రాసుకుంటున్నాం అని భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. ఆ డిసెంబర్‌లో, 146 మంది ప్రతిపక్ష ఎంపీలు సస్పెండైన సమావేశాల్లో, అది పాసైంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆత్రంగా వెతికాను. పాత 312 ఇప్పుడు 88. నంబరు మారింది కానీ మూడేళ్లు అలాగే ఉన్నాయి, ఏడేళ్లు అలాగే ఉన్నాయి, తనంతట తాను చేసుకున్న స్త్రీ కూడా నేరస్థురాలే అన్న వివరణా అలాగే ఉంది. లెగసీ సిస్టమ్ మైగ్రేషన్ చేశాం అని చెప్పి పాత బగ్గుని యథాతథంగా కాపీ పేస్టు చేసినవాణ్ణి మన టీములో అయితే ఏమంటామో మీకు తెలుసు. 163 ఏళ్ల తర్వాత చేతికొచ్చిన అవకాశం, సభలో ఎవరైనా దీనిమీద గట్టిగా కొట్లాడి ఉంటే నేనింత బాధపడేవాణ్ణి కాను.

"చట్టం ఎలా ఉన్నా కోర్టులున్నాయి కదా" అంటారేమో. ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 29న జస్టిస్ చంద్రచూడ్ బెంచి, 20 నుంచి 24 వారాల మధ్య పెళ్లికాని స్త్రీకీ పెళ్లైన స్త్రీకీ తేడా చూపకూడదని తీర్పిచ్చింది. భర్త బలవంతం వల్ల వచ్చిన గర్భం కూడా ఈ చట్టం వరకూ అత్యాచారం కిందికే వస్తుందంది. మైనరు అమ్మాయి వస్తే పోక్సో కింద పోలీసులకి చెప్పేటప్పుడు పేరు బయటపెట్టక్కర్లేదంది. గొప్ప తీర్పు. సరిగ్గా ఏడాది తర్వాత, 2023 అక్టోబర్‌లో, ఇద్దరు పిల్లల తల్లి, కాన్పు తర్వాత వచ్చే మానసిక వ్యాధితో బాధపడుతున్నావిడ, 26వ వారంలో అదే కోర్టుకెళ్లింది. 9వ తేదీన ఇద్దరు జడ్జీలు సరేనన్నారు. 11వ తేదీన వాళ్లిద్దరూ చెరో మాటా చెప్పారు. 16వ తేదీన ముగ్గురు జడ్జీలు వద్దన్నారు, ఎందుకంటే చట్టంలో 24 దాటితే దారి లేదు. వారం రోజుల్లో ఒకే మనిషికి మూడు జవాబులు. కోర్టు దయగా ఉండొచ్చు, కానీ చట్టంలో లేని తలుపుని ప్రతిసారీ తెరవలేదు.

అమెరికా నేర్పిన పాఠమూ ఇదే. 1973 నుంచి 49 ఏళ్లు అక్కడ ఈ హక్కు కోర్టు తీర్పు మీదే నిలబడింది, దేశం మొత్తానికీ వర్తించే చట్టంగా ఎవరూ రాసుకోలేదు. తీర్పు పోతుందని తెలిశాక హడావుడి పడ్డారు. 2021 సెప్టెంబర్‌లో దిగువ సభలో 218-211తో బిల్లు గెలిచింది. ఎగువ సభలో చర్చ ముగించి ఓటింగుకి వెళ్లాలంటేనే అరవై మంది కావాలి. 2022 ఫిబ్రవరిలో వచ్చినవి 46, మే నెలలో 49. జూన్‌లో తీర్పు పోయింది. మావాడి దేశంలో హక్కు ఉండేది కానీ దానికి చట్టం లేదు. మన దేశంలో చట్టం ఉంది కానీ అందులో హక్కు లేదు. రెండిట్లోనూ తేడా వచ్చిన రోజు వీధినపడేది ఆడమనిషే.

డాక్టరు భయం ఎంతదూరం వెళ్తుందో ఐర్లండ్‌లో చూశాం. అక్కడా తల్లి ప్రాణాపాయం అన్న ఎక్సెప్షన్ ఉండేది. 2012 అక్టోబర్‌లో మన పక్క రాష్ట్రం కర్ణాటక అమ్మాయి సవితా హలప్పనవర్, గర్భం నిలవదని తెలిశాక కూడా పిండం గుండె కొట్టుకుంటోందని అబార్షన్ చెయ్యకపోవడంతో ఇన్‌ఫెక్షన్ ముదిరి చనిపోయింది. ఆరేళ్లకి ఆ దేశం రెఫరెండం పెట్టుకుని 66 శాతం ఓట్లతో తన రాజ్యాంగాన్నే మార్చుకుంది. 2024 మార్చి 4న ఫ్రాన్స్ అయితే అబార్షన్ స్వేచ్ఛని 780-72 ఓట్లతో రాజ్యాంగంలోనే రాసుకుంది. కాబట్టి చెయ్యాలనుకుంటే దారుంది.

మనకి అడ్డమేమిటి? అమెరికాలోలాగా ఇక్కడ గట్టిగా వ్యతిరేకించే పార్టీ లేదు. వింతేమిటంటే అదే మన అడ్డంకి. ఎవరూ కాదనడం లేదు కాబట్టి ఎవరూ అవుననాల్సిన పనీ లేదు. 2019లో గెలిచిన 543 మంది లోక్‌సభ సభ్యుల్లో ఆడవాళ్లు 78 మంది. ఈ విషయానికి ఓట్లు రావు, పోవు. తెనాలిలోనో బాపట్లలోనో ప్రచారానికొచ్చిన అభ్యర్థిని మనలో ఎవరైనా ఎప్పుడైనా దీని గురించి అడిగామా?

రెండో అడ్డంకి నిజాయితీగా ఆలోచించాల్సింది. "కోరితే చాలు అంటే ఆడపిల్లల్ని చంపేసుకుంటారు కదా?" ఇది ఉత్తుత్తి భయం కాదు. ప్రతి స్కానింగ్ సెంటరులో లింగ నిర్ధారణ నేరం అని బోర్డు ఊరికే పెట్టలేదు, దానికి 1994లో ప్రత్యేకంగా చట్టమే చెయ్యాల్సొచ్చింది. కానీ ఆ నేరం జరిగేది స్కానింగ్ గదిలో, డబ్బు తీసుకుని ఆడో మగో చెప్పినవాడి దగ్గర. వాణ్ణి పట్టుకోవడం చేతకాక అబార్షన్ కోరిన ప్రతి స్త్రీనీ అనుమానించడం ఏం న్యాయం? 12 వారాల లోపు కోరితే చాలు అన్న పాత ప్రతిపాదన దీన్ని దృష్టిలో పెట్టుకుంటే సబబుగానే ఉంది, మామూలు స్కానింగ్‌లో ఆడో మగో నమ్మకంగా తెలిసేది సాధారణంగా ఆ తర్వాతే కాబట్టి. పైగా ఈ రెండు చట్టాల్నీ కలగాపులగం చేసి మందుల షాపుల్ని భయపెడితే ఏమవుతుంది? అబార్షన్ మాత్రలకి మన దేశంలో 2002లోనే అనుమతి ఉంది. లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం 2015లో దేశంలో జరిగిన అబార్షన్లు కోటీ 56 లక్షలు, అందులో 73 శాతం ఆస్పత్రి బయట, మాత్రలతో. అంటే ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మన గొప్ప చట్టం గడప తొక్కకుండానే పని కానిచ్చుకుంటున్నారు. సాంకేతికంగా చూస్తే వాళ్లు 88వ సెక్షన్ నీడలో బతుకుతున్నట్టే.

మరి నేనేం కోరుతున్నాను? మూడే. ఒకటి, 12 వారాల దాకా స్త్రీ కోరితే చాలు అన్న 2014 నాటి మాట మళ్లీ బిల్లులో పెట్టాలి. రెండు, 88వ సెక్షన్ నుంచి ఆ స్త్రీని బయటికి తియ్యాలి. ఆమె అంగీకారం లేకుండా చేసినవాళ్లని శిక్షించడానికి 89వ సెక్షన్ ఎలాగూ ఉంది, అది ఉండాల్సిందే. మూడు, 24 వారాలు దాటాక కూడా నిర్ణయం ఆమెని చూస్తున్న డాక్టర్లకీ ఆమెకీ వదిలెయ్యాలి. బోర్డు కావాలంటే సలహా ఇవ్వొచ్చు, తాళం చెవి దాని దగ్గర ఉండకూడదు.

ఇవన్నీ జరిగేలోపు ఇది చదివిన మీకు ఎవరికైనా ఉపయోగపడొచ్చని నాలుగు మాటలు. మేజరైన స్త్రీకి భర్త సంతకంతో పనిలేదు, చట్టం అడిగేది ఆమె అంగీకారం ఒక్కటే. బావని చెన్నై నుంచి పరిగెత్తించింది చట్టం కాదు, అలవాటు. పద్దెనిమిది నిండనివాళ్లకీ, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకీ మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో బోర్డు అభిప్రాయం చెప్పాలని, ఒప్పుకుంటే ఐదు రోజుల్లోపు పని పూర్తవ్వాలని 2021 నిబంధనల్లో ఉంది. కాబట్టి దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, ఇచ్చినట్టు తేదీ వేయించుకోండి. కుదరదంటే అదీ రాసివ్వమనండి. పేషెంటు పేరు బయటపెడితే ఏడాది దాకా జైలు. టిఫా స్కాన్ 18 నుంచి 20 వారాల మధ్య తప్పకుండా తీయించండి, పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ వాయిదా వెయ్యకండి. స్కాన్‌లో తేడా వస్తే "రెండు వారాలాగి చూద్దాం" అన్నప్పుడు, ఈ రెండు వారాల్లో 24 దాటుతుందా అని అడగండి. ఆ ఒక్క ప్రశ్న అప్పట్లో మాకు తెలిసుంటే అక్కకి ఇద్దరు డాక్టర్లతో అయిపోయేది.

డాలస్ మిత్రుడికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "అయితే ఎక్కడికెళ్లాల్రా?" అన్నాడు. ఎక్కడికెళ్లినా ఒకటే, ఉన్నచోట అడగాలి అన్నాను. వాడికి అక్కడ ఇంకా ఓటు లేదు. మనకి ఇక్కడ ఉంది.

అక్కకి పోయినేడు పాప పుట్టింది. మొన్న సంక్రాంతికి రేపల్లె వెళ్తే ఎత్తుకోమని నా చేతికిచ్చింది. ఈ టపా చదివి వినిపించాను. అంతా విని, "మూడు కోరావు బానే ఉంది. నాలుగోది కూడా రాయరా, ముందు ఆ మనిషినడగమని రాయి" అంది.

రాశానక్కా.